కంచరవీధిలో మోగని మోత

మణికుంతల రాజ్యపు ఉత్తరపు కొసన, శీతలవాహిని నది రెండు పాయలుగా విడిపోయి, ఏదో గుర్తుకొచ్చినట్టు మళ్లీ కలుసుకునే చోట, కాంస్యపురి అనే పట్టణం ఉంది. ఎర్రని కోటగోడలు, ఆ గోడల మీద గాలివాటానికి తిరిగే కంచు చిలకలు, గుమ్మం గుమ్మానికీ చిరుగంటల తోరణాలు, ఏనుగు నడిచినా దాసి నడిచినా ఘల్లుమనే రాజమార్గం. ఏడు రాజ్యాల దేవళాలకు ఘంటలు, పట్టపుటేనుగులకు గజ్జెలు, నాట్యకత్తెలకు అందెలు అన్నీ ఆ ఊరి కంచరవీధిలోనే పుడతాయి. పగలంతా ఆ వీధిలో కొలిమితిత్తులు బుసకొడుతూనే ఉంటాయి. పొద్దు వాలిందంటే మాత్రం పిల్లి కూడా అరుగు దిగదు.

దానికి కారణం ముఖచోరులు.

ఊరికి ఉత్తరాన, అడవి అవతల, కాకశిలా దుర్గంలో ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఉన్నాడు. అతని సేవకులు అసురసంధ్య వేళ, సూర్యుడు మునిగి దీపాలింకా వెలగని ఆ కాస్త వ్యవధిలో, ఊళ్లోకి దిగుతారు. దొంగల్లా రారు. ఏ ఇంట్లో మనిషి దూరమై బెంగపెట్టుకుని ఉన్నారో ఆ ఇంటికి, ఆ దూరమైన మనిషి ముఖంతోనే వస్తారు. గుమ్మంలో నిలబడి నోరారా పిలుస్తారు. తలుపు తీసినవాళ్లు తెల్లారేసరికి ఉండరు.

వీధి పెద్దలు నగరపాలకుడి దగ్గరకు వెళ్లి మొరపెట్టుకున్నారు. ఆయన తాంబూలం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి, "మీ కొడుకు మొహంతో వచ్చినవాణ్ణి పట్టుకుని నేను కొరత వేస్తే, రేపు మీరే వచ్చి నా గుమ్మంలో ఏడుస్తారు. భటులంతా దక్షిణాన యుద్ధంలో ఉన్నారు. ఎవరి వీధి వాళ్లు కాచుకోండి," అన్నాడు. అదీ రాజరక్షణ.

అలా మొదలైంది కంచరవీధి కావలి. దాన్ని నిలబెట్టినవాడు మారన అనే యువకుడు. అతను రాజకుమారుడు కాడు, మారువేషంలో ఉన్న మంత్రికుమారుడూ కాడు. గంటలు పోత పోసే కంచరి. వీధి రెండు కొసలా వెదురుకంచెలు కట్టించాడు. ఇంటికొకరు చొప్పున వంతులు వేశాడు. తన వంతు వచ్చినప్పుడు పనివాణ్ణి పంపిన ధనవంతుణ్ణి వెనక్కి పిలిపించి, కావలికోల చేతికిచ్చి, వీధంతా చూస్తుండగా నడిపించాడు. ఆ తర్వాత వంతు తప్పినవాడు లేడు.

కంచరులు గనక వాళ్లకు చూపుకన్నా చెవి మీద నమ్మకం ఎక్కువ. అందుకని కావలి కూడా చెవితోనే నడిచేది. ప్రతి గుమ్మం పక్కనా, లోపలినుంచీ బయటినుంచీ అందేలా, ఒక కంచుపలక వేలాడుతుంది. కావలివాడు వచ్చి కావలికోల నేలకేసి కొట్టగానే ఇంట్లోవాళ్లు వరసగా, తలా ఒక దెబ్బ చొప్పున, ఆ పలక మోగించాలి. పెద్దతలకాయ ముందు, ఇల్లాలు తర్వాత, యజమాని ఆ తర్వాత, పిల్లలు చివర. ఎవరి మోత వారిదే. మనిషి ఊళ్లో లేకపోతే ఆ మోత ఇంకొకరు కొట్టరు. ఒక ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆగి, ఆ చోటు ఖాళీగా ఉంచి, తర్వాతివాళ్లు అందుకుంటారు. చచ్చిపోయినవాళ్లకు ఖాళీ ఉంచరు, వరస కలిపేస్తారు. తిరిగి వస్తారనుకున్నవాళ్లకే ఆ ఖాళీ.

పొద్దువాలాక ఎవరొచ్చినా, ఎంత తెలిసిన ముఖమైనా, తమ ఇంటి మోత వరసంతా తామే మోగించి చూపిస్తేనే తలుపు తీయాలి. ఇది మారన పెట్టిన కట్టడి. ఇంత కట్టుదిట్టం చేసినా రెండిళ్లు పోయాయి. మలుపులో ఉన్న కాటమయ్య ఇంటికి, ఎప్పుడో దేశాలు పట్టిపోయిన కొడుకు వచ్చాడు. ఇంటి మోత తప్పులేకుండా మోగించాడు. కావలివాళ్లే సంతోషించి తలుపు తీయించారు. తెల్లారి చూస్తే పొయ్యిమీద పాలకుండ తప్ప ఎవరూ లేరు. మోత సరిగ్గా మోగించినవాడు దొంగ ఎలా అవుతాడు? దొంగలు పెరటిగోడ దూకి వచ్చి ఉంటారని తీర్మానించి, వీధిలో వాళ్లంతా గోడలమీద ముళ్లకంప పరిచారు. రెండో ఇల్లు పోయినప్పుడు కంప ఇంకొంచెం ఒత్తుగా పరిచారు.

మారన ఇంటి మోత వీధిలో అందరికీ కంఠస్థమే. లోపలినుంచి పోలమ్మవ్వ ఒకటి మోగిస్తుంది. తర్వాత ఖాళీ. తర్వాత మారన ఒకటి. ఆ ఖాళీ చెంగల్వది.

చెంగల్వ మారన భార్య, పోలమ్మవ్వకు మనవరాలు. గంట చల్లారకముందే చెవి దగ్గర పెట్టుకుని, ఎక్కడ రాపిడి పడితే శ్రుతి కుదురుతుందో చెప్పగలిగేది. కిందటేడు ఇప్పపూల కాలంలో, పోత అచ్చులకు మైనం తెస్తానని బుట్ట చంకన పెట్టుకుని తేనెగుట్టకు వెళ్లింది. బుట్టా రాలేదు, మనిషీ రాలేదు. మారన తేనెగుట్టను రాయి రాయీ వెతికాడు. తిరిగొచ్చాక పగలంతా కొలిమి దగ్గర పనిచేసేవాడు, నవ్విస్తే నవ్వేవాడు, తినమంటే తినేవాడు. సాయంత్రం తన గుమ్మం ముందు ఆ ఒక్క ఊపిరిసేపు ఆగినప్పుడు మాత్రం అతనికి చెంగల్వ కావాలనిపించేది. మరేదీ అక్కర్లేదనిపించేది. ఎక్కువసేపు ఆగితే వరస తప్పుతుంది గనక తన మోత తాను కొట్టి ముందుకు నడిచేవాడు.

ఆ సాయంత్రం కూడా అలాగే బయలుదేరాడు. జంటగా వంతుకొచ్చినవాడు బుక్కన. ఏనుగంత మనిషి, పిడికెడు ధైర్యం. మూడో ఇల్లు దాటాక బుక్కన నిట్టూర్చాడు.

"తమ్ముడూ, ఒకటి అడుగుతా నవ్వకు. అందరిళ్లకీ వస్తున్నారు గదా ఈ మొహందొంగలు. మా ఇంటిది మంగసాని మొహం ఏసుకుని ఒక్కడూ రాడేం?"

"వస్తే ఏం చేస్తావు బుక్కన్నా?"

"దొంగని తెలిసినా సరే, అరుగుమీద కూచోబెట్టి ఇంత అన్నం పెట్టి పంపుదును. ఏడాది నుంచీ కిటికీ కాడే కూచుంటన్నా. చచ్చినోళ్ల మొహం వాళ్లకి అంటదేమో."

మారన నవ్వలేదు. బుక్కన భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. అప్పుడే ఉత్తరపు వెదురుకంచె దగ్గర అలికిడయింది.

కంచె అవతల ఒక స్త్రీ నిలబడి ఉంది. చంకలో బుట్ట. బుట్టలో మైనపు ముద్దలు. చిరిగిన కోక, రేగిన జుట్టు, ఎడమ కనుబొమ మీద నిప్పురవ్వ పడి కాలిన చిన్న మచ్చ.

"మావా," అంది.

బుక్కన ఎప్పుడు కంచె తీశాడో తెలియదు. కిటికీలు తెరుచుకున్నాయి, అరుగులమీదికి జనం వచ్చారు. "చెంగల్వ వచ్చింది, మన చెంగల్వే," అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆమె తిన్నగా తన గుమ్మం దగ్గరకు నడిచి వచ్చింది. దారి ఎవరూ చూపించనక్కర్లేకపోయింది.

"గుట్టలో బోయలు పట్టుకుపోయారు మావా. ఇన్నాళ్లకి కన్నుగప్పి వచ్చా. మన పెళ్లినాటి పందిట్లో నీ ఉత్తరీయానికి నిప్పంటుకుంటే నా చేత్తోనే ఆర్పా గదా, ఆ చెయ్యి చూడు. నన్ను ఇట్టా వీధిలో నిలబెడతావా?"

ఆ చేతి మీద మచ్చ ఉంది. లోపలినుంచి పోలమ్మవ్వ గొంతు వినిపించింది. "నా పిల్లేరా అబ్బాయ్. గడియ తీస్తన్నా."

"ఆగవ్వా," అన్నాడు మారన. ఆ మాట అనడానికి అతనికి ఒంట్లో ఉన్న బలమంతా కావలసి వచ్చింది. "కట్టడి అందరికీ ఒకటే. ఇంటి మోత మోగించమను."

ఆమె నొచ్చుకున్నట్టు చూసింది. పలక పక్కన వేలాడే కర్రసుత్తి అందుకుంది. ఒకటి మోగించింది. ఒక ఊపిరి ఆగింది. ఇంకొకటి మోగించింది.

వీధంతా ఒక్కసారిగా గుండెలమీద చేతులు వేసుకుంది. వెంట్రుకవాసి తేడా లేదు. ఏడాది పొడుగునా ప్రతి సాయంత్రం విన్న మోత అదే. బుక్కన కళ్లు తుడుచుకుంటూ, "ఇంకేం చూస్తావయ్యా, తియ్యమను," అన్నాడు. మారన కూడా గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు.

ఆ అడుగు దగ్గరే అతనికి తట్టింది.

చెంగల్వ మైనానికి వెళ్లిన రోజున ఈ ఇంటికి మూడు మోతలు. మధ్యలోది ఆమెదే. తను వెళ్లాక తన చోటు ఖాళీగా ఉంచుతున్నారని ఆమెకేం తెలుసు? తెలిసినా, తిరిగొచ్చిన మనిషి తన మోత తాను ఎందుకు మానుకుంటుంది? ఈ మోత కంచె అవతలి చెట్లెక్కి కూర్చుని, సాయంత్రాలు పొంచి విన్నవాళ్లు నేర్చుకున్నది. పెళ్లి పందిట్లో నిప్పు సంగతి ఊరంతా చూసిందే, ఎవరి నోటైనా వినొచ్చు. కాటమయ్య కొడుకు మోగించిందీ ఇలా తన చోటు ఖాళీగా ఉంచిన మోతే. ఖాళీకి అలవాటుపడ్డ చెవులతో వీధంతా విని, సరిగ్గా ఉందని తలుపు తీయించింది. గోడలమీద ఎంత కంప పరిచినా దొంగ కట్టడిలోంచే లోపలికి వచ్చాడు.

ఆమె చెంగల్వ కాదని తెలిసిపోయింది. తెలిసిన తర్వాత కూడా మారనకు తలుపు తీయాలనే అనిపించింది. ఆ మచ్చ, ఆ కళ్లు, ఆ గొంతు, ఒక్క పూట ఇంట్లో తిరిగితే చాలనిపించింది. బుక్కన అన్నమాట ఇప్పుడు బాగా అర్థమయింది. దాంతోపాటే ఆ మాటలో రెండోది కూడా చెవిలో మోగింది. చచ్చినోళ్ల మొహం వాళ్లకి అంటదు.

అంటే చెంగల్వ బతికే ఉంది. ఈ ముఖం ఎక్కడికి తిరిగిపోతుందో అక్కడే ఉంది.

మారన చిన్నగా దగ్గి, కావలికోల తీసుకెళ్లి బుక్కన చేతిలో పెట్టాడు. పెడుతూ అతని చెవిలో అన్నాడు. "రేపట్నుంచి కావలి నీది. వచ్చినవాడు తన చోటు ఖాళీగా ఉంచితే తలుపు తీయొద్దు. నింపితేనే తియ్యండి. అవ్వను చూసుకో."

బుక్కన నోరు తెరిచేలోగా మారన గుమ్మం దగ్గరకు వెళ్లి, "అవ్వా, గడియ ముట్టుకోకు," అన్నాడు.

"నా పిల్ల కాదంటావా?"

"ఇది కాదు. కానీ నీ పిల్ల ఉంది."

ఆ మాటకు ఆ స్త్రీ గిరుక్కున తిరిగింది. మారన రెండు చేతులూ చాచి ఆమెను గట్టిగా కౌగిలించుకున్నాడు. చెంగల్వ జుట్టులో ఎప్పుడూ మైనం వాసన ఉండేది. ఈ జుట్టులో పొగ. మరుక్షణం అతని చేతుల మధ్య కోక చిరిగి, తోలురెక్కలు విచ్చుకున్నాయి. కాళ్లు గోళ్లయ్యాయి. చెంగల్వ ముఖం తొడిగిన ఆ రాక్షసపక్షి పెద్ద కేక వేసి, చిరుగంటల తోరణాలు తెంచుకుంటూ ఆకాశంలోకి లేచింది. మారన పట్టు వదల్లేదు. కింద వీధి దీపాలు మినుకుమంటూ వెనక్కి పోయాయి.

నది దాటింది. తాటితోపులు దాటింది. అడవి మీదికి వచ్చేసరికి పడమట ఇంకా ఎర్రజీర మిగిలే ఉంది. పక్షి అతన్ని దులపాలని తలకిందులుగా ఎగిరింది, చెట్ల కొమ్మలకేసి రాసింది. మారన వీపు చీరుకుపోయింది. చివరికి అది అలసి, చెంగల్వ గొంతుతోనే నవ్వింది.

"నువ్వే వస్తుంటే నేను దులుపుకోవడం దేనికి? నిన్ను తెమ్మనే గదా మా ప్రభువు పంపింది."

"నన్నా?"

"ఘంట పోశాడు మా ప్రభువు. కొండంత ఘంట. అది మోగితే విన్నవాళ్లంతా ఆయనకు దాసులు. కానీ శ్రుతి కుదరలేదు, కుదిరేదాకా మంత్రం పారదు. కుదర్చగలిగింది నీ పెళ్లాం ఒక్కతే. ఏడాది నుంచీ చెవిలో దూది పెట్టుకుని కూచుంది, వినను పొమ్మంటోంది. నీ మెడమీద కత్తి పెడితే వింటుంది."

చెంగల్వ దగ్గరకు ఎగిరిపోతున్నానని మారన సంబరపడ్డాడు, ఎగిరిపోతున్నది ఆమె పట్టుదల విరిచే కర్రలాగా. దూరాన కాకశిలా దుర్గం కనిపించింది. నల్లటి ఏకశిల మీద నల్లటి బురుజులు, బురుజుల మధ్య నిప్పుల వెలుగు, చుట్టూ మంచు కమ్మిన కందకం. ఇలా పక్షి కాళ్లకు చిక్కి లోపలికి వెళ్లకూడదు. వెళ్లాలి, కానీ ఎవరికీ తెలియకుండా వెళ్లాలి.

అతని మొలలో ఎప్పుడూ రెండు వస్తువులుంటాయి. ఒకటి మైనపు ముద్ద, రెండోది చెంగల్వ చివరిసారి సరిచేసిన చిన్న గంట నాలుక, గంట లోపల వేలాడుతూ మోగించే కడ్డీ. ఒక చేత్తో పట్టు బిగించి, రెండో చేత్తో మైనం నలిపి మెత్తబరిచి, పక్షి రెండు కళ్లకూ మెత్తేశాడు. అది గుడ్డిదై గిరగిరా తిరిగింది. ఆ తిరగడంలో కందకం దగ్గరైంది. మారన కళ్లు మూసుకుని చేతులు వదిలేశాడు.

నీళ్లు కత్తిలా కోశాయి. మొసలి ఒకటి కదిలింది. పైనుంచి పడ్డ పక్షి రెక్కల చప్పుడుకు అది అటు మళ్లింది. మారన నాచు పట్టుకుని ఒడ్డెక్కాడు. అక్కడ పోత అచ్చులకు వాడే మూసమట్టి తట్టలు మోస్తూ బానిసలు వరసకట్టి కోటలోకి వెళుతున్నారు. మూసమట్టి అతనికి పుట్టినింటి వాసన. గుప్పిళ్లతో తీసి ఒళ్లంతా, ముఖమంతా పూసుకున్నాడు. ఒక తట్ట నెత్తికెత్తుకుని వరసలో చొరబడ్డాడు. ముందున్న ముసలి బానిస వెనక్కి చూసి, మెల్లిగా పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఇనుపద్వారం కిర్రుమని తెరుచుకుంది. లోపల విశాలమైన ముంగిలి. నడుమ, గొలుసులతో వేలాడుతూ, మేడంత ఎత్తున ఘంట. దాని చుట్టూ కాగడాల వెలుగులో కావలివాళ్లు. మారన తట్ట అంచు కిందినుంచి వాళ్లను చూశాడు. చూసి, తట్ట జారిపోబోతే గట్టిగా పట్టుకున్నాడు.

కావలివాళ్లందరిదీ ఒకే ముఖం. ద్వారం దగ్గర చెంగల్వ. మెట్లమీద చెంగల్వ. బురుజుమీద ఈటె పట్టుకుని చెంగల్వ. ఘంట నీడలో కూర్చున్నవాళ్లూ, గొలుసులకు నూనె రాస్తున్నవాళ్లూ, అందరికీ ఎడమ కనుబొమ మీద అదే మచ్చ. ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాడు ఒకడుంటాడని ధూమ్రకేశుడికి తెలుసు. వాడికి ముఖం చూసి వెతకడం తప్ప మరో దారి ఉండదనీ తెలుసు. ఏడాదిగా ఒక్కసారి కనబడితే చాలనుకున్న ముఖం ఇప్పుడు ఎటు చూస్తే అటే ఉంది. మారనకు ఏడుపు వచ్చింది. ముఖానికి పూసిన మట్టి మీద రెండు చారలు పడ్డాయి. మట్టి చెదిరితే దొరికిపోతాడు.

"నిన్నేరా, తట్ట దించవేం?" అంది ఒక చెంగల్వ, ఈటె మొనతో అతని భుజం పొడుస్తూ.

తట్ట దించాడు. ఎదురుగా ఘంట అంచు, చెయ్యి చాపితే అందేంత దగ్గర. చెవిలో దూది పెట్టుకున్న మనిషికి కేక వినిపించదు. కానీ కంచు మోగితే చెవికన్నా ముందు అరికాళ్లకు తెలుస్తుందని చెంగల్వే ఒకప్పుడు చెప్పింది. కొడితే చుట్టూ ఉన్నవాళ్లంతా మీద పడతారు. కొట్టకపోతే ఈ ముఖాల మధ్య తన చెంగల్వ ఎప్పటికీ దొరకదు.

మారన మొలలోంచి గంట నాలుక తీశాడు. ఘంట అంచుమీద ఒక్కటి కొట్టాడు. అది అవ్వ మోత.

కాగడాల కదలిక ఆగిపోయింది. కావలివాళ్లందరూ ఇటు తిరిగారు. ఒకే ముఖం, ఒకే కోపం, అన్ని ఈటెలూ అతనివైపే. కొందరికి ఆ మోత తెలుసు. తెలిసినవాళ్లు అలవాటుగా ఊపిరి బిగబట్టి, ఆ ఖాళీ గడిచేదాకా ఊరుకున్నారు.

ఆ ఖాళీలో, ఏడాదిగా ఏ సాయంత్రమూ నిండని ఆ ఒక్క ఊపిరిసేపులో, మారన కాళ్ల కిందినుంచి, రాతిపలకల అడుగున ఎక్కడో లోతుగా ఉన్న చెరలోంచి, ఇనుపసంకెల రాతికేసి కొట్టిన చప్పుడు వచ్చింది.

ఒక్కటే. సరిగ్గా ఇల్లాలి చోట.

ఈటెలు పైకి లేచాయి. ఎడమవైపునుంచి ఒకటి అప్పుడే గాలిలో బయలుదేరింది. మారన వరస తప్పలేదు. గంట నాలుక ఎత్తి, తన మోత తాను కొట్టాడు.